డిజిటల్ కెమెరాకు లివరు ఎందుకు?

ప్రశ్న: చాలాకాలంగా ఫిల్ము రేంజ్‌ఫైండర్ (కిటికీలో కనిపించే రెండు బొమ్మలను ఒకటిగా కలిపి ఫోకస్ చేసే కెమెరా) వాడుతున్నాను. ఎమ్-మౌంట్ (లైకా ఎమ్ కెమెరాల బిగింపు) లెన్సులు మూడున్నాయి: 28, 35, 50 మిల్లీమీటర్లవి. వాటికోసం ఎవరైనా వాడి అమ్ముతున్న ఎప్సన్ ఆర్-డి1 కొందామనుకుంటున్నాను. అయితే డిజిటల్ కెమెరాలో ప్రతి ఫొటోకూ లివరు తిప్పడమంటే పాత కెమెరాలా కనిపించాలని పెట్టిన అలంకారమేనేమో అనిపిస్తోంది. పైగా సెన్సార్ చిన్నది. దీనితో సర్దుకుపోగలనా?

జవాబు: ముందు లివరు సంగతి తేలుద్దాం. అది అలంకారం కాదు. 2004లో వచ్చిన ఆర్-డి1 మొట్టమొదటి డిజిటల్ రేంజ్‌ఫైండర్. దాని బాడీకి మూలం కొసీనా సంస్థ తయారుచేసిన బెస్సా ఫిల్ము కెమెరా. షట్టరును బిగించడానికి లోపల మోటారు లేదు, ఆ పని మీ బొటనవేలే చేయాలి. లివరు తిప్పకుండా బటన్ నొక్కితే ఫొటో పడదు. 2018లో వచ్చిన లైకా ఎమ్10-డిలోనూ అదే చోట లివరులాంటిది కనిపిస్తుంది. అది వేలు ఆనించుకోవడానికే తప్ప దేన్నీ బిగించదు. అలంకారమనే మాట దానికి నప్పుతుంది.

ఆర్-డి1 లివరు వల్ల టకటకా వరుస ఫొటోలు తీసే వీలు పోతుంది, నిజమే. బదులుగా, ఫొటో తీసిన మరుక్షణం మోటారు గుర్రుమనే చప్పుడు ఉండదు. మళ్లీ ఎప్పుడు బిగించాలో మీ ఇష్టం. నా మట్టుకు నాకు ఇది లాభసాటి బేరమే. కెమెరా పైభాగం చూడండి: గడియారంలాంటి డయల్‌లో పెద్ద ముల్లు ఇంకా ఎన్ని ఫొటోలు పడతాయో చూపిస్తుంది, చిన్న ముళ్లు బ్యాటరీ, వైట్ బ్యాలెన్స్, ఫొటో నాణ్యత చెబుతాయి. షట్టరు వేగం డయల్ అంచును పైకెత్తి తిప్పితే ఐఎస్ఓ, అంటే కాంతికి సెన్సార్ స్పందించే స్థాయి, మారుతుంది. వెనుక తెరను తిప్పి లోపలివైపుకు మూసేస్తే మెనూల ఊసే ఉండదు. చేత్తో ఫొటో తీసే మనిషిని ఇంతగా గౌరవించిన డిజిటల్ కెమెరాలు చాలా తక్కువ.

అసలు రాజీ సెన్సార్ దగ్గరే జరిగింది. ఆరు మెగాపిక్సెల్స్ అనే సంఖ్య నన్ను పెద్దగా బాధించదు, కొలత బాధిస్తుంది. ఫిల్ము ఫ్రేము 36×24 మిల్లీమీటర్లయితే ఈ సెన్సార్ నిడివి, ఎత్తు రెండూ అందులో దాదాపు మూడింట రెండు వంతులే. దాంతో మీ 28 సుమారు 43లా, 35 సుమారు 53లా, 50 సుమారు 76లా చూస్తాయి. సెన్సార్‌ను ఇలా చిన్నదిగా ఉంచడానికి కారణం లెన్సుల్లోనే ఉంది. ఎమ్-మౌంట్‌కూ ఫిల్ముకూ మధ్య దూరం 27.8 మిల్లీమీటర్లే, వైడ్ లెన్సుల వెనుక గాజు ఇంకా లోపలికి చొచ్చుకొస్తుంది. మూలలకు వెళ్లే కాంతి బాగా ఏటవాలుగా పడుతుంది. ఫిల్ము ఆ వాలును సులభంగా భరించింది. సెన్సార్‌లోని ఒక్కో పిక్సెల్ బావిలాంటిది, ఏటవాలు వెలుగు అడుగుదాకా చేరదు. చిన్న సెన్సార్ ఆ మూలలను వదిలేసి మధ్యభాగంతో సరిపెట్టుకుంది.

వ్యూఫైండర్ మాత్రం నిండు పరిమాణంలో, ఒకటికి ఒకటిగా చూపిస్తుంది. రెండు కళ్లూ తెరిచి ఫొటో తీయవచ్చు. ఆ అనుభవానికి అలవాటుపడితే వేరే వ్యూఫైండర్ ఇరుకుగా తోస్తుంది. అయితే రేంజ్‌ఫైండర్ బేస్ (రెండు బొమ్మలు వచ్చే కిటికీల మధ్య దూరం, ఇది ఎంత ఎక్కువైతే ఫోకస్ అంత కచ్చితం) 38.2 మిల్లీమీటర్లే. లైకా ఎమ్‌లో బేస్ 69.25, దాన్ని వ్యూఫైండర్ బొమ్మను చిన్నదిగా చూపే 0.72 మాగ్నిఫికేషన్‌తో గుణించినా సుమారు 50 వస్తుంది. మీ 50 లెన్సుకు ఆర్-డి1 సరిపోతుంది. 90 లెన్సులో కాంతి వచ్చే రంధ్రాన్ని పూర్తిగా తెరిచి దగ్గరి ముఖాలు తీయాలంటే నేను దీన్ని నమ్మను. కళ్లద్దాలు ఉన్నవారికి 28 ఫ్రేము అంచులు ఒక్కచూపులో కనిపించవు.

మీ 28ని ఇకపై వైడ్‌గా కాక నార్మల్ లెన్సుగా (మామూలు చూపుకు దగ్గరగా చూపేదిగా) ఒప్పుకోగలిగితే కొనండి. నిజమైన వైడ్ కావాలంటే మరో లెన్సు, దానికి విడిగా ఫైండర్ కొనాల్సి వస్తుంది. డబ్బు ఇచ్చే ముందు దూరపు స్తంభం మీద ఫోకస్ చేసి, రెండు బొమ్మలు అడ్డంగానూ నిలువుగానూ ఒకదానిమీద ఒకటి కూర్చుంటున్నాయో లేదో తప్పక చూడండి.

ప్రశ్న: నా డిజిటల్ రేంజ్‌ఫైండర్ లైకా ఎమ్8లో నల్ల కోటు ఊదారంగులో పడుతోంది. సెన్సార్ చెడిపోయిందా?

జవాబు: చెడిపోలేదు. 2006 నాటి ఈ కెమెరాలో ఏటవాలు కాంతిని కాపాడడానికి సెన్సార్ ముందు గాజును అర మిల్లీమీటరుకు తగ్గించారు. అంత పలుచని గాజు కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ కిరణాలను పూర్తిగా ఆపలేదు. సింథటిక్ నల్లబట్టలు ఆ కిరణాలను బాగా వెనక్కి పంపుతాయి, అందుకే ఆ ఊదా. లైకా అప్పట్లో కొన్నవారికి ఆ కిరణాలను ఆపే రెండు యూవీ/ఐఆర్ ఫిల్టర్లు ఉచితంగా ఇచ్చింది. 2009లో వచ్చిన ఎమ్9లో గాజు మందం 0.8కు పెంచి ఫిల్టరు అవసరం తప్పించారు. ఫొటోలో పదును కోసం రంగును బలిపెట్టడం నాకు నచ్చలేదు, రంగు కూడా ఫొటోగ్రాఫర్ చూసిన నిజమే కదా. నలుపు-తెలుపు తీసేవారికి ఈ బెడద దాదాపు లేదు.

రంగుల్లో తీస్తే ప్రతి లెన్సుకూ ఆ యూవీ/ఐఆర్ ఫిల్టరు పెట్టండి. వైడ్ లెన్సుల మూలల్లో అప్పుడు నీలిపచ్చ ఛాయ వస్తుంది. లెన్సు మౌంట్ మీద అది ఏ లెన్సో కెమెరాకు చెప్పే ఆరు బిట్ల కోడ్ ఉంటే కెమెరా దాన్ని తానే సరిదిద్దుతుంది, లేకపోతే కంప్యూటర్‌లో మీరు దిద్దుకోవాలి.