వాక్యం చెప్పినంత మేరకే: ఒక యువ రచయిత్రికి లేఖ

ప్రియ సహోదరికి,

ప్రభువు నామంలో వందనాలు. మీరు పంపిన వ్యాసాలు చదివాను. భాష మీద మీకు మంచి పట్టు ఉంది కనుక శైలి గురించి నేను చెప్పవలసింది తక్కువే. బైబిలు వాక్యాన్ని రోజువారీ జీవితానికీ, సమాజంలో చర్చకు వచ్చే విషయాలకూ అన్వయించే తీరు గురించి మాత్రం కొంత వివరంగా రాస్తాను. ఈ పనికి పూనుకున్న రచయిత తన అభిప్రాయంతో పాటు దేవుని పేరును కూడా కాగితం మీద పెడుతున్నాడు. పాఠకుడు ఆ రెంటినీ విడదీసి చదవడు.

పేదరికం మీద మీరు రాసిన వ్యాసాన్నే తీసుకుందాం. బీదలు ఎల్లప్పుడూ మీతో ఉంటారని యేసు చెప్పిన మాటను (మత్తయి 26:11) ఆధారం చేసుకుని, పేదరికం ఎన్నటికీ పోదు గనుక సంఘం దాని మీద శ్రమ పడనక్కరలేదని మీరు తేల్చారు. ఇలా తేల్చినవారు మీకు ముందూ చాలామంది ఉన్నారు. కానీ ఆ మాట వెనుక ద్వితీయోపదేశకాండము 15:11 ఉంది. బీదలు దేశంలో ఉండక మానరని చెప్పిన ఆ వచనమే, అందుచేత వారికి తప్పక చెయ్యి చాపాలని ఆజ్ఞాపిస్తుంది. ఏడేళ్లకొకసారి అప్పులు విడిచిపెట్టమన్నదీ ఆ అధ్యాయమే. విడుదల సంవత్సరం దగ్గరపడిందని లెక్క చూసుకుని బీదవాడికి అప్పు ఇవ్వకుండా చెయ్యి ముడుచుకోవడం పాపమని హెచ్చరించేదీ అదే. మార్కు సువార్తలోనైతే (14:7), మీకు ఇష్టమైనప్పుడెల్లా వారికి మేలు చేయవచ్చునన్న మాట కూడా యేసు నోటనే కనిపిస్తుంది. తన మీద అత్తరు పోసిన స్త్రీని నిందిస్తున్నవారికి యేసు ఆమె పక్షాన ఇచ్చిన జవాబును మీ వ్యాసం బీదవాడి ముఖాన తలుపు వేయడానికి వాడింది. వచనం సరైనదే, దాన్ని పెట్టిన చోటే సరైనది కాదు. ఒక వచనాన్ని ఉదహరించే ముందు దాని చుట్టూ ఉన్న అధ్యాయాన్నీ, అది తలపించే పాత నిబంధన భాగాన్నీ చదవడం ఈ వృత్తిలో కనీస మర్యాద.

అన్వయం ఎలా ఉండాలో నేర్చుకోవడానికి నేను తరచూ లూకా 3వ అధ్యాయానికి వెళతాను. బాప్తిస్మమిచ్చు యోహాను దగ్గరకు వచ్చినవారు “మేమేమి చేయవలెను” అని అడిగినప్పుడు, ఆయన అందరికీ ఒకే ప్రసంగం అప్పజెప్పలేదు. రెండు అంగీలున్నవాడిని లేనివాడికి ఒకటి ఇమ్మన్నాడు. పన్ను వసూలు చేసే సుంకరులతో, నిర్ణయించిన దానికంటే ఎక్కువ వసూలు చేయవద్దన్నాడు. సైనికులతో, ఎవరినీ బాధపెట్టి గుంజుకోవద్దని, ఎవరి మీదా అపనింద వేయవద్దని, జీతంతో తృప్తిపడమని చెప్పాడు. ఒక్కొక్కరి వృత్తిలో పాపం ఏ సందులోంచి దూరుతుందో ఆయనకు తెలుసు. మీ వ్యాసాల్లో “ప్రేమ కలిగి జీవించాలి”, “పరిశుద్ధంగా నడుచుకోవాలి” అన్న వాక్యాలు కొల్లలు. అవి చదివి ఎవరూ నొచ్చుకోరు, ఎవరూ మారరు. పనిమనిషి జీతం ఆలస్యం చేసే యజమాని, బిల్లు పెంచి రాసే ఉద్యోగి, అబద్ధమని అనుమానం ఉన్నా వార్తను పదిమందికి పంపే విశ్వాసి మీ వ్యాసంలో తమ ముఖం తాము చూసుకోవాలి. లేనివార్తను పుట్టించకూడదన్న నిర్గమకాండము 23:1 ఈ రోజు ఫోను పట్టుకున్న ప్రతి చేతికీ వర్తిస్తుంది.

ఆనాటి ఆజ్ఞను ఈనాటికి తేవాలంటే, ఆ ఆజ్ఞ ఏ కారణంతో పుట్టిందో ముందు వెదకండి. కొత్త ఇల్లు కట్టుకునేవాడు పైకప్పు చుట్టూ పిట్టగోడ కట్టించాలని ద్వితీయోపదేశకాండము 22:8 చెబుతుంది. ఎవరైనా అక్కడినుంచి పడితే ఆ రక్తదోషం ఆ ఇంటి మీదికి వస్తుందన్న కారణాన్ని కూడా చెబుతుంది. మన ఆస్తి వల్ల పొరుగువాడి ప్రాణానికి ముప్పు రాకూడదన్నదే దాని సారం. ఆ సారం పట్టుకుంటే, కార్మికుల భద్రతా పరికరాల ఖర్చు మిగుల్చుకునే కర్మాగార యజమాని దగ్గరకూ, బ్రేకులు పాడైన బండిని రోడ్డెక్కించే డ్రైవరు దగ్గరకూ అదే వచనం వెళ్లగలదు. కారణం విడిచి అక్షరం మాత్రమే పట్టుకుంటే అది పిట్టగోడ దగ్గరే ఆగిపోతుంది. రెంటినీ విడిచిపెడితే మన ఇష్టం వచ్చిన చోటికి పోతుంది. నా అనుభవంలో ఈ మూడోదే ఎక్కువగా జరుగుతుంది.

ప్రజా సమస్యల దగ్గర మరింత జాగ్రత్త కావాలి. కూలివాడి కూలి ఆపకూడదని వాక్యం సూటిగా చెప్పింది (లేవీయకాండము 19:13, యాకోబు 5:4). అక్కడ మీ గొంతు తడబడకూడదు. కనీస వేతనం ఎంత ఉండాలో, ఏ పన్ను ఎంత శాతం వేయాలో వాక్యం చెప్పలేదు. అక్కడ మీరు రాసేది వాక్యపు వెలుగులో మీరు చేసిన ఆలోచన. వాక్యాన్ని అంతే ప్రేమించే మరొకరు వేరే నిర్ణయానికి రావచ్చు. “ఇది ప్రభువు ఆజ్ఞ”, “ఇది దాని నుంచి నేను గ్రహించింది”, “ఇది నా అభిప్రాయం” అన్న మూడింటి మధ్య తేడా మీ వాక్యనిర్మాణంలోనే తెలియాలి. ఒక పార్టీకి ఓటు వేయమని చెప్పడానికి యెషయా ప్రవక్తను పిలిచే వ్యాసాలు నాకు రుచించవు, ఆ పార్టీ నాకు నచ్చినదైనా సరే.

అలాగని మౌనంగా ఉండమని అనడం లేదు. 19వ శతాబ్దపు అమెరికాలో బానిసత్వాన్ని సమర్థించినవారు, దాసులు యజమానులకు లోబడాలన్న ఎఫెసీ 6:5ను చేతపట్టుకున్నారు. మనిషిని దొంగిలించి అమ్మినవాడికి మరణశిక్ష విధించిన నిర్గమకాండము 21:16ను పక్కన పెట్టారు. బ్రిటిష్ పార్లమెంటులో సభ్యుడైన విలియం విల్బర్‌ఫోర్స్, ఆయన తోటివారు ఏళ్ల తరబడి పోరాడాక గాని 1807లో బానిసల వ్యాపారం మీద నిషేధం రాలేదు. ఆయనను ఆ పోరాటంలో నిలబెట్టింది ఆయన విశ్వాసమే. రెండు పక్షాల చేతుల్లోనూ బైబిలే ఉంది. ఒక పక్షం తన లాభానికి అడ్డువచ్చే వచనాలను చదవలేదు, అంతే. అందుకే ఒక అంశం మీద రాసేటప్పుడు మీ వాదానికి అనుకూలించే వచనాలతో పాటు, ఇబ్బంది పెట్టే వాటిని కూడా ఒక కాగితం మీద రాసుకుని ఎదురుగా పెట్టుకోండి. అధికారులకు లోబడమన్న రోమా 13ను ఉదహరిస్తే, మనుషులకంటే దేవునికే లోబడాలన్న అపొస్తలుల కార్యములు 5:29కీ, ఐగుప్తు రాజు ఫరో ఆజ్ఞను ధిక్కరించి హెబ్రీయుల మగపిల్లలను బ్రతకనిచ్చిన మంత్రసానులు షిఫ్రా, పూయాలకూ మీ వ్యాసంలో చోటుండాలి. వ్యాజ్యంలో బీదవాడని పక్షపాతం చూపకూడదనీ, బీదవాడికి న్యాయం తప్పించకూడదనీ ఒకే అధ్యాయం (నిర్గమకాండము 23:3, 6) చెబుతుంది. రెండింటిలో ఒకటే వినిపించే రచయిత సగం వాక్యమే చదివినట్టు.

సంఘం బయటి పాపాల మీద రాయడం తేలిక, చప్పట్లు కూడా త్వరగా వస్తాయి. బంగారు ఉంగరం పెట్టుకున్నవాడికి మంచి చోటు చూపి, మాసిన బట్టలవాడిని నిలబెట్టే సభ గురించి యాకోబు రాసింది విశ్వాసులకే. మీ తరువాతి వ్యాసాన్ని అక్కడినుంచి మొదలుపెట్టండి. పేదరికం వ్యాసాన్ని ద్వితీయోపదేశకాండము 15ను పూర్తిగా చదివాక తిరిగి రాసి పంపండి. ముగింపు మారక తప్పదనుకుంటాను.

ప్రభువునందు,
మీ సహోదరుడు