ఎండబెట్టిన ట్యాంకుకి మంట పెట్టించకండి

పాత స్ప్లెండర్ బైకు ట్యాంకు అడుగున కారుతోంది, పెట్రోలు తీసేసి రెండు రోజులు ఎండలో పెట్టాను, ఆటోనగర్‌లో గ్యాస్ వెల్డింగ్ చేయించొచ్చా అని ఒకరు అడిగారు. వద్దండీ. నిండు ట్యాంకు కన్నా ఖాళీదే ప్రమాదం. గాలిలో పెట్రోలు ఆవిరి సుమారు 1.4 నుంచి 7.6 శాతం ఉంటే చాలు, నిప్పు తగిలితే పేలుతుంది. తుప్పులో, సీమ్ (రేకుల అతుకు) మడతలో ఇంకిన పెట్రోలు బెజవాడ ఎండకి కూడా పూర్తిగా పోదు, వేడి తగిలాక బయటికొస్తుంది. వాసన లేదన్న మాట నమ్మొద్దు.

మూత, పెట్రోల్ కాక్, ఫ్లోట్ (పెట్రోలు మట్టం చూపేది) విప్పేసి, వేడినీళ్లు, సర్ఫ్ పోసి, గుప్పెడు నట్లు వేసి కుదిపి, తేటనీళ్లు వచ్చేదాకా మూడు నాలుగుసార్లు కడగండి. ఆ తర్వాత స్క్రూడ్రైవర్‌తో చిల్లు చుట్టూ నొక్కి చూడండి. రేకు దిగిపోతుంటే వెల్డింగ్ డబ్బు దండగ, వేరే ట్యాంకు చూసుకోండి.

గట్టిగా ఉండి సూదిమొన చిల్లే అయితే మాటు (సోల్డరింగ్) పెట్టిస్తే సరిపోతుంది. మాటు పెట్టే ఇనప కడ్డీని ట్యాంకుకి దూరంగా కాల్చుకు రమ్మనండి, బ్లోల్యాంప్ దగ్గరికి రానివ్వొద్దు. చీలిక అయితే టిగ్ (ఆర్గాన్ గ్యాస్ రక్షణలో కరెంటుతో చేసే వెల్డింగ్) ఉన్న షాపుకే వెళ్లండి. లోపలి గాలి, ఆవిరి బయటికి పోయేలా ఆర్గాన్ పైపు ట్యాంకు అడుగుదాకా దించి, పై రంధ్రం తెరిచి, వెల్డింగ్ అయ్యేదాకా ఆ గ్యాస్ వదులుతూనే ఉండాలి. రంధ్రాలన్నీ మూసేస్తే వేడికి గ్యాస్ ఉబ్బి, కరిగిన లోహాన్ని బయటికి తోసేస్తుంది.

లీక్ పరీక్షకి కాలిపంపుతో 2 పీఎస్ఐ ఒత్తిడి గాలి, పైన సబ్బునురగ చాలు. కంప్రెసర్ గాలి పెడితే ట్యాంకు ఉబ్బిపోతుంది.