పాత క్యాసెట్ డెక్ కొనేటప్పుడు డాల్బీ, ఆటో రివర్స్ కాదండి, ముందు హెడ్డు చూడండి

సెకండ్ హ్యాండ్‌లో ఒక పాత స్టీరియో డెక్ కొందామనుకుంటున్నా, డాల్బీ (రీలు బుస తగ్గించేది), ఆటో రివర్స్ (రెండో సైడు తనే పాడేది), మెటల్ టేప్ బటన్ (మెటల్ రకం రీళ్లకి) ఇవన్నీ ఉన్నదే తీసుకోవాలా అని ఒకరు అడిగారు. అక్కర్లేదండి. ఇవన్నీ ముందు పలకమీద అందంగా రాసుంటాయి, అసలు పని లోపల హెడ్డు (రీలుని తాకి శబ్దం చదివే ముక్క) పక్కన ఉండి దాని వాలు సరిచేసే చిన్న స్క్రూది, దాని గురించి ఎవడూ అడగడు.

మాది విజయనగరం. సంగీత కళాశాల 1919లో పెట్టినప్పుడు ఆదిభట్ల నారాయణదాసు గారే మొదటి ప్రిన్సిపాల్, మరలాంటి ఊళ్లో హరికథ పిచ్చి ఉండదా, మా తాతగారికి బాగా ఉండేది. రామాలయం దగ్గర చెప్పిన ఒక హరికథని ఎవరిదో టేప్ రికార్డర్ మీద రికార్డు చేయించి, 90 నిమిషాల క్యాసెట్, బీరువాలో పట్టుచీరల కింద దాచారు. ఆయన పోయాక చాన్నాళ్లకి అది బయటకి తీశాం. షిప్పులో పనిచేసిన మా పెదమావయ్య తెచ్చిన జపాన్ డెక్ ఇంట్లో ఉంది, రెండు పెద్ద ముల్లు మీటర్లు, సినిమా పాటలు పెడితే ఇల్లంతా మోగుద్ది. హరికథ పెట్టేసరికి కథ చెప్పే దాసుగారు దుప్పటి ముసుగేసుకుని చెప్తున్నట్టు ఉంది. మాటలు తెలుస్తున్నాయి గానీ చిడతలు లేవు! హరికథలో చిడతలు వినపడకపోతే ఇంకేముందండి. "రీలు పాడైపోయిందిరా, పాతదయిపోయింది కదా, వదిలీ" అంది అమ్మ.

నేను వదల్లేదు. గంటస్తంభం దగ్గర సందులో రేడియోలు బాగుచేసే పెద్దాయన ఒకాయన ఉండేవారు, డెక్కూ క్యాసెట్టూ రెండూ రిక్షాలో వేసుకుని పట్టుకెళ్లా. ఆయన ముందు క్యాసెట్ తీసి వెలుతురుకి పెట్టి రీలు చూశారు. "ఏటి బాబూ, రీలు నిగనిగలాడతుంటే పాడైపోనాదంటావేటి? రికార్డు చేసినోడి మిషన్‌లో హెడ్డు వంకరగా ఉన్నాది, నీదేమో తిన్నగా ఉన్నాది, రెండూ ఎలా కలుస్తాయి" అని, డెక్ మూత తీసి పాట నడుస్తుండగానే సన్న స్క్రూడ్రైవర్‌తో హెడ్డు పక్క స్క్రూని పావు చుట్టు కూడా కాదు, అలా కొంచెం కదిపారు. ఏమీ మారలేదు. ఇటు తిప్పితే ఇంకా మూసుకుపోయింది. అటు తిప్పారు, అంతే, చిడతలు ఒక్కసారి ఘల్లుమన్నాయి, వెనక హార్మోనియం, ఎవడో పిల్లాడు ఏడవడం, అరుగుమీద ఎవరో దగ్గడం అన్నీ వచ్చేశాయి. మేం ఇద్దరం ఆ సందులో నిలబడి ఆ సైడంతా వినేశాం, బయట ఒక ఫ్యాన్ పట్టుకుని నిలబడిన ఆవిడ కూడా పని మర్చిపోయి వింది. తర్వాత ఆయన స్క్రూని మళ్లీ పాత చోటికే తెచ్చి చుక్క గోళ్లరంగు పెట్టి, "లేకపోతే నీ సినిమా పాటలు మూసుకుపోతాయి" అన్నారు. క్యాసెట్‌ని మాత్రం ఆ రోజే ఇంకోదానిలోకి కాపీ తీసిచ్చారు.

దీనికి లెక్క ఉంది. క్యాసెట్‌లో రీలు సెకనుకి 4.76 సెంటీమీటర్లే నడుస్తుంది, అంటే 10,000 హెర్ట్జ్ శబ్దంలో ఒక్కో అల రీలు మీద పట్టే పొడవు 5 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కూడా ఉండదు. హెడ్డు వెంట్రుకవాసి వాలినా ముందు పోయేవి చిడతల్లాంటి ఆ సన్న శబ్దాలే.

డాల్బీకి మనవైపు చెడ్డపేరు రావడానికీ సగం ఇదే కారణమని నా గట్టి నమ్మకం. డాల్బీ బీ ఏం చేస్తుందంటే, రికార్డు చేసేటప్పుడు చిన్నగా ఉన్న సన్న శబ్దాలని పెంచి, వినేటప్పుడు అంతే తగ్గిస్తుంది, వాటితోపాటు రీలు బుస కూడా తగ్గుద్ది. హెడ్డు వాలి ఆ శబ్దాలు ముందే పోయాయనుకోండి, అది ఇంకా తగ్గించేస్తుంది. జనం "డాల్బీ వేస్తే పాట చచ్చిపోద్ది" అని స్విచ్ ఆపేసి కూర్చునేవాళ్లు. పైగా షాపుల్లో మనం లిస్టు రాసిచ్చి ఎక్కించుకున్న పాటల్లో చాలావాటికి డాల్బీయే లేదు, లేనిదానికి వేస్తే మూసుకుపోక ఏమవుద్ది.

నాకమిచి అనే జపాన్ కంపెనీ వాడు 1982లో డ్రాగన్ అని ఒక డెక్ తెచ్చాడు, పాట నడుస్తుండగానే ఆ స్క్రూ పని మోటారుతో తనే చేసుకుంటుంది. మన గంటస్తంభం పెద్దాయన చేత్తో చేసిందే! దాని రేట్లు ఇప్పుడు చూడకండి, నిద్రపట్టదు. ఆటో రివర్స్ అయితే నేను వద్దంటా, హెడ్డు అటూ ఇటూ తిరిగే రకంలో ఒక సైడు బావుంటే రెండోది మూలుగుద్ది. అదే కంపెనీ వాడి ఆర్‌ఎక్స్ 505 మాత్రం హెడ్డుని ముట్టుకోకుండా క్యాసెట్‌నే బయటకి తీసి తిరగేసి పెడుతుంది, వీడియోలో చూడండి, సరదాగా ఉంటుంది. మెటల్ బటన్ సంగతంటారా, మనకి దొరికినవన్నీ మామూలు నార్మల్ రీళ్లే, దాంతో పనేంటి.

కరెంటు సంగతి కూడా చూసుకోండి. పియానో మీటల్లా గట్టిగా నొక్కే బటన్ల డెక్‌లో మధ్యలో కరెంటు పోతే రబ్బరు రోలరు రీలుని అలాగే నొక్కి పట్టుకుని ఉండిపోతుంది, మీరు నిద్రపోతే తెల్లారేసరికి రోలరు మీద సొట్ట, అక్కడ్నుంచి పాట ఊగుద్ది. సోలినాయిడ్‌తో (కరెంటుతో లాగే అయస్కాంతం) పనిచేసే మెత్తటి బటన్లవైతే కరెంటు పోగానే వదిలేస్తాయి. జపాన్ లోకల్ మోడల్ అయితే అది 100 వోల్టులది, ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా మన ప్లగ్గులో పెట్టారో పొగే.

అమ్మేవాళ్లు ఆన్‌లైన్‌లో "వర్కింగ్ కండిషన్" అని లైటు వెలిగే ఫోటో ఒకటి పెట్టి వేలకి వేలు చెప్తారు, లోపల బెల్టు కరిగి నల్ల జిగురు అయిపోయి ఉంటుంది, అడిగితే "వింటేజ్ సార్" అంటారు. మీకు బాగా తెలిసిన క్యాసెట్ ఒకటి జేబులో వేసుకెళ్లి రెండు సైడ్లూ విని, ఫాస్ట్ ఫార్వర్డ్ చివరిదాకా నడిపించి అప్పుడు బేరం ఆడండి. నా డెక్‌కి ఇప్పుడు చదునుగా ఉండే మోటారు బెల్టు కావాలి, విశాఖ అంతా తిరిగినా గుండ్రటివే చూపిస్తున్నారు, శ్రీకాకుళం వైపు ఎక్కడైనా దొరుకుతుందేమో ఎవరికైనా తెలిస్తే చెప్పండి.