కొండ మీద వదిలేసి వెళ్లారు... ఈసారి రానంటే తప్పా?

ప్రశ్న: మాది గుంటూరు దగ్గర పల్లె. పెళ్లయి ఏడేళ్లు. కాలిఫోర్నియాలోని సన్నీవేల్‌లో ఉంటున్నాం. బాబుకు నాలుగేళ్లు. ఏటా మార్చి నెలాఖరులో మావారి కాలేజీ స్నేహితులు, మేము కలిపి నాలుగు కుటుంబాలం మంచు కొండల మధ్య ఉన్న లేక్ టాహో సరస్సు దగ్గర ఇల్లు అద్దెకు తీసుకుని శని, ఆదివారాలు స్కీయింగ్‌కు, అంటే కాళ్లకు పొడవాటి పలకలు (స్కీలు) తొడుక్కుని మంచు వాలు మీద జారే ఆటకు, వెళ్తాం. నిరుడు మావారు ‘నేను నేర్పిస్తా పద’ అని పొద్దున తొమ్మిదికే నన్ను కొండపైకి వెళ్లే లిఫ్ట్ ఎక్కించి తీసుకెళ్లారు. రెండుసార్లు పడ్డాక కాళ్లు వణికి కూర్చుండిపోయాను. కింద నుంచి స్నేహితులు ఫోన్ చేస్తే ‘నువ్వు మెల్లగా రా’ అని ఆయన వెళ్లిపోయారు. స్కీలు చేత్తో పట్టుకుని ఏడుస్తూ గంటన్నరకు కిందికి చేరాను. నేను పడ్డప్పుడు ఆయన తీసిన వీడియో ఆ రాత్రి అందరూ చూసి నవ్వారు. మర్నాడు నేను ఇంట్లోనే ఉండి పిల్లల్ని చూసుకుంటూ అందరికీ వంట చేశాను. ఇప్పుడు మళ్లీ ఇల్లు బుక్ చేశారు. రానంటే ‘ఫ్రెండ్స్ ముందు నా పరువు తీస్తావా’ అంటున్నారు. మా బాబు కూడా ‘అమ్మకు స్కీ రాదు’ అంటున్నాడు. నేను అంత పిరికిదాన్నా?

జవాబు: ముందు మీ చివరి ప్రశ్న తీసుకుంటాను. ఆ రోజు మీకు భయం వేసిందంటే మీ బుద్ధి సరిగ్గా పనిచేసిందనే అర్థం. మార్చి నెలాఖరులో టాహో కొండల మీద పగటి ఎండకు మంచు కరుగుతుంది, రాత్రి చలికి మళ్లీ గడ్డకడుతుంది. పొద్దున తొమ్మిదికి అది గాజుపలకలా ఉంటుంది. బాగా వచ్చినవాళ్లు కూడా చాలామంది పదో పదకొండో దాకా ఆగి, పైపొర కాస్త మెత్తబడ్డాకే బయల్దేరతారు. మధ్యాహ్నం దాటితే అదే మంచు బురదలా మారి స్కీలు ఇరుక్కుంటాయి, మోకాళ్లు మెలితిరుగుతాయి. అంటే మొదటిసారి స్కీలు తొడిగిన మిమ్మల్ని జారుడు అన్నిటికన్నా ఎక్కువగా ఉండే వేళలో పైకి తీసుకెళ్లారన్నమాట. వాలు దగ్గర బోర్డు మీద ఏ గుర్తు ఉందో మీరు రాయలేదు. ఆకుపచ్చ వృత్తం ఉంటే కొత్తవాళ్లకు, నీలం చదరం మధ్యరకం వాళ్లకు, నల్ల వజ్రం ఆరితేరినవాళ్లకు. మీవారిని అడగండి, ఆ రోజు ఏ గుర్తున్న వాలు ఎక్కించారో. ఆయనకు గుర్తుండే ఉంటుంది.

స్కీ స్కూల్లో మొదటి గంట లిఫ్ట్ జోలికే పోరు. చదును నేల మీద ఒక కాలికే స్కీ తొడిగి నడిపిస్తారు. తర్వాత రెండు స్కీల ముందు కొసలు దగ్గరికి తెచ్చి పిజ్జా ముక్క ఆకారంలో పెట్టి ఆగడం నేర్పిస్తారు. ఆగడం వచ్చాకే జారడం. మోసుకెళ్లే బెల్టు మీద నిలబెట్టి కొంచెం ఎత్తుకు తీసుకెళ్లి, అక్కడి నుంచి దింపుతారు. మీవారికి ఇవన్నీ ఎప్పుడో ఒంటబట్టేశాయి కాబట్టి, తానెలా నేర్చుకున్నారో మరిచిపోయి ఉంటారు. భర్త పక్కన కూర్చుని కారు నేర్చుకున్న మీ స్నేహితురాళ్లను ఎవరినైనా అడగండి, ఎన్ని గొడవలయ్యాయో చెబుతారు.

నేర్పలేకపోవడం పొరపాటు. వదిలేసి వెళ్లడం మాత్రం తప్పు, ఈ మాట మెత్తగా చెప్పలేను. ఆగడం రాని మనిషిని వాలు మధ్యలో ఒంటరిగా వదలకూడదు. పైనుంచి వేగంగా వచ్చేవాళ్లకు నడిచి దిగే మనిషి ఆఖరు క్షణం దాకా కనబడకపోవచ్చు. ఎప్పుడైనా మళ్లీ అలా చిక్కుకుంటే వాలు అంచుకు జరిగి, అటుగా వచ్చే ఎవరినైనా ఆపి స్కీ ప్యాట్రోల్‌ను, అంటే కొండ మీద గస్తీ తిరిగే సహాయ సిబ్బందిని, పిలవమనండి. దించడం వాళ్ల పని. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ బాధపెట్టింది ఆ రాత్రి సంగతి. భార్య ఏడుస్తూ దిగివచ్చిన రోజు వీడియో పెట్టి నవ్వించడానికి మీవారికి మనసెలా ఒప్పిందా అని ఆలోచించాను. ఆయన చెడ్డవారని నేను అనుకోవడం లేదు. కాలేజీ స్నేహితులు కలిస్తే చాలామంది మగవాళ్లు హాస్టల్ గదిలోకి వెళ్లిపోతారు, అక్కడ ఎవరో ఒకరిని ఆటపట్టించాల్సిందే. కానీ ఆ గదిలో మీరు లేరు. వాళ్లకు కాలేజీ నాటి చనువు ఉంది, మీకు లేదు. ఇది ఆయనకు ఎవరూ చెప్పకపోతే తెలియదు. మర్నాటి వంట సంగతీ అంతే. నాలుగు కుటుంబాల సరదా ఒక్కరి వంటింటి మీద నడిచింది, అది ఎవరి కంటా పడలేదు.

కాబట్టి వెళ్లాలా వద్దా అన్నది తర్వాత. ముందు ఆయనతో మాట్లాడండి. శుక్రవారం సాయంత్రం నాలుగైదు గంటల ప్రయాణంలో, కొండదారిలో మంచుకు కారు జారకుండా చక్రాలకు గొలుసులు కట్టుకునే హడావిడిలో ఈ మాట ఎత్తకండి. ఇంకా వారాలు ఉండగానే, బాబు పడుకున్నాక, ఇలా చెప్పండి: ‘నిరుడు మీరు వెళ్లిపోయినప్పుడు చచ్చిపోతానేమో అనిపించింది. రాత్రి మీరంతా నవ్వినప్పుడు అంతకన్నా ఎక్కువ బాధేసింది. ఆ వీడియో మీ ఫ్రెండ్స్ ఫోన్లలో ఉంటే తీయించండి. అది మీరే అడగాలి, నేను అడగను.’ అంతవరకే చెప్పి ఆగండి. ‘మీ స్నేహితులే అలాంటివాళ్లు’ అన్నారంటే మాట వాళ్ల మీదికి పోతుంది, మీ బాధ పక్కకు పోతుంది.

ఆయన విన్నారనుకోండి, అప్పుడు ఏర్పాట్లు. కొత్తవాళ్లకు పాఠం, అద్దె స్కీలు, చిన్న లిఫ్టు టికెట్టు కలిపి ఇచ్చే ప్యాకేజీలు ఉంటాయి, ముందే బుక్ చేయాలి. టాహోలో నాలుగేళ్ల పిల్లల్ని చేర్చుకునే స్కీ స్కూళ్లూ ఉన్నాయి. బాబుకూ మీకూ ఒకే పూట క్లాసులు పెట్టించుకోండి, మీవారు ఆ పూట కిందే ఉండాలి. వంట పూటకో కుటుంబం. మొదటి రాత్రికి ఇంటి నుంచే పులిహోర, చపాతీలు పట్టుకెళ్తే ఆ పూట ఎవరికీ శ్రమ ఉండదు. సరస్సు మట్టమే 6,200 అడుగుల పైన ఉంటుంది, మంచు ఎండను ముఖం మీదికి తిప్పికొడుతుంది. గడ్డం కింద కూడా సన్‌స్క్రీన్ రాయండి, బాబుకు చలువ కళ్లజోడు మరవకండి.

స్కీలే తొడగనంటారా, అదీ సరే. సరస్సు ఒడ్డున నడవండి, పుస్తకం చదువుకోండి, వంట మాత్రం మీ వంతుకు మించి చేయకండి. అసలు వెళ్లబుద్ధి కాకపోతే వెళ్లకండి. ‘ఈసారి మా ఆవిడ రావడం లేదు, నిరుడు తప్పు నాదే’ అని మీవారు స్నేహితులకు చెబితే పోయే పరువేమీ లేదు.

ఇవన్నీ చెప్పాక కూడా ఆయన నవ్వేసి ఊరుకుంటే, ఇంట్లోనూ పదిమందిలోనూ ఎప్పుడూ ఇంతేనా అని గుర్తుచేసుకోండి. అవునని తోస్తే ఇది స్కీయింగ్‌తో తేలే విషయం కాదు. ఇద్దరూ కలిసి దంపతుల కౌన్సెలర్ దగ్గరకు వెళ్లండి. ఆయన రాకపోతే మీరొక్కరే వెళ్లండి, అప్పుడు నాకు మళ్లీ రాయండి.

బాబు మాట మీద బెంగ పెట్టుకోకండి, వాడు విన్నదే అంటున్నాడు. ఈసారి వాడు ‘అమ్మకు స్కీ రాదు’ అన్నప్పుడు మీరు జవాబు చెప్పకండి. మీవారిని చెప్పమనండి: ‘నేను సరిగా నేర్పలేదు నాన్నా’ అని.