జెరాక్స్ షాపులో మిగిలిన ఆధార్ కాపీలు పాత పేపర్లకి అమ్మొచ్చా?

ప్రశ్న: మాది బొబ్బిలిలో చిన్న జెరాక్స్, ఇంటర్నెట్ షాపండి. సరిగ్గా రాని కాపీలు, జనాలు వదిలేసిపోయిన ఆధార్, పాన్, పాస్‌బుక్ జెరాక్సులు బస్తాల్లో పేరుకుపోయాయి. పాత పేపర్లాయన అడుగుతున్నాడు, ఇచ్చేయొచ్చా? పాత కంప్యూటర్ కూడా అమ్మేద్దామనుకుంటున్నాం, ఫార్మాట్ కొట్టిస్తే చాలా, ఇంకేటైనా చెయ్యాలా?
– ఓ పాఠకుడు, బొబ్బిలి

జవాబు: ఇవ్వొద్దండీ, దయచేసి ఇవ్వొద్దు. ఆ కాగితాలు మీ బస్తాలో ఉన్నా అవి మీవి కావు, పింఛనుకో రేషన్ కార్డుకో వచ్చిన ముసలమ్మ ఆధార్ నంబరు, సంతకం, అకౌంట్ నంబరు అన్నీ వాటి మీదే ఉంటాయి, అవెళ్లి బజ్జీల పొట్లం అయితే ఎవరి చేతిలో పడతాయో మీకూ నాకూ తెలీదు. ముందు బస్తాలు ఓసారి తిరగెయ్యండి, ఒరిజినల్ మార్కుల లిస్టు లాంటిది కనబడితే వాళ్లకి కబురు పెట్టండి. మీ సొంత జీఎస్టీ బిల్లులుంటే పక్కన పెట్టండి, వార్షిక రిటర్న్ గడువు నుంచి 72 నెలలు ఉంచాలని చట్టం.

మిగతావి చేత్తో నాలుగు ముక్కలు చేస్తే లాభం లేదు. 1979లో ఇరాన్ రాజధాని టెహ్రాన్‌లో అమెరికా ఎంబసీని అక్కడి విద్యార్థులు ఆక్రమించినప్పుడు, మిషన్‌లో పొడుగు పీలికలుగా కోసేసిన కాగితాల్ని కూడా మళ్లీ అతికించి పుస్తకాలుగా అచ్చేశారు. అందుకే ష్రెడ్డర్ (కాగితాలు కోసే మిషన్) కొంటే క్రాస్ కట్‌ది కొనండి, అది అడ్డంగా కూడా కోస్తుంది. కొనడం ఎందుకంటారా, డ్రమ్ములో నీళ్లు పోసి రెండ్రోజులు నానబెట్టి కర్రతో కుమ్మి ముద్ద చేసేయండి, కానీ నానాక కూడా అక్షరాలు కనబడుతున్నాయేమో చూసుకుని ఇంకా చిదపాలి. కట్టలు కట్టలుగా కాల్చొద్దు, మధ్యలో కాగితం కాలకుండా మిగిలిపోద్ది.

ఇక కంప్యూటర్. డిలీట్ చేసినా, క్విక్ ఫార్మాట్ కొట్టినా ఫైల్ ఎక్కడుందో చెప్పే జాబితా మాత్రమే పోద్ది, అసలు ఫైల్ డిస్క్‌లో అలాగే ఉంటుంది, రికవరీ సాఫ్ట్‌వేర్‌తో తీసేస్తారు. పాత రకం హార్డ్ డిస్క్ అయితే ఫార్మాట్ చేసేటప్పుడు క్విక్ అనే టిక్ తీసేయండి, గంటలు పడుతుంది గానీ మొత్తం మీద సున్నాలు రాసేస్తుంది. ఎస్ఎస్‌డీకి (తిరిగే పళ్లేలు లేకుండా చిప్పుల్లో దాచుకునే కొత్త రకం డిస్క్) ఆ పద్ధతి పూర్తిగా నమ్మకం కాదు, తయారీ కంపెనీ ఇచ్చే సెక్యూర్ ఎరేజ్ టూల్ వాడాలి. పనిచెయ్యని హార్డ్ డిస్క్ అయితే విప్పి లోపలి పళ్లేల్ని పగలగొట్టండి, కళ్లద్దాలు పెట్టుకుని మరీ, కొన్నిట్లో అవి గాజువి. పెన్‌డ్రైవ్‌కి అయస్కాంతం పెడితే ఏమీ కాదు, లోపలున్న నల్ల చిప్పే విరగాలి. పాత ఫోన్ని మాత్రం సుత్తితో కొట్టొద్దు, బ్యాటరీ అంటుకుంటుంది.

రోజూ జరిగేది ఇంకోటుంది, వాట్సాప్‌లో జనాలు పంపిన పీడీఎఫ్‌లన్నీ డౌన్‌లోడ్స్‌లో పడుంటాయి కదా, సాయంత్రం షాపు కట్టేముందు అవి తీసేసి రీసైకిల్ బిన్ ఖాళీ చెయ్యండి, వాట్సాప్ వెబ్ లాగౌట్ అవ్వండి. పెద్ద జెరాక్స్ మిషన్లు చాలావాటిలో లోపల హార్డ్ డిస్క్ కూడా ఉంటుంది, కాపీ తీసిన కాగితాల బొమ్మలు అందులో మిగిలే అవకాశం ఉంది, కాబట్టి మీది అద్దె మిషనైతే తిరిగిచ్చే ముందు మెకానిక్‌ని పిలిపించి మీ ఎదురుగానే తుడిపించండి.