ఐదేళ్ళు అలెండ్రోనేట్ వాడినా వెన్నుపూస విరిగింది, తర్వాతి మందు ఏది?

గుంటూరు నుంచి మీరు అడిగింది ఇదీ: అమ్మగారికి 67 ఏళ్ళు, బరువు 48 కిలోలు. ఎముకలు గుల్లబారే జబ్బుకు (ఆస్టియోపొరోసిస్) వారానికొక అలెండ్రోనేట్ 70 మి.గ్రా. మాత్ర ఐదేళ్ళుగా వేసుకుంటున్నారు. అయినా నీళ్ళ బిందె ఎత్తబోయి టీ-12 వెన్నుపూస నొక్కుకుపోయింది. ఎముక సాంద్రత కొలిచే డెక్సా స్కాన్‌లో టీ-స్కోరు నడుము మైనస్ 3.4, తుంటి మైనస్ 2.8. విటమిన్ డి 14, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.1. కొత్తపేటలో ఒక డాక్టరు ఏడాదికోసారి సెలైన్‌లా ఎక్కించే జోలెడ్రోనిక్ యాసిడ్ అన్నారు, ఇంకొకరు ఆరు నెలలకోసారి డెనోసుమాబ్ అన్నారు, విజయవాడ సూర్యారావుపేటలో చూపిస్తే రోజూ పొడుచుకునే టెరిపారటైడ్ అన్నారు. ముగ్గురూ మంచి డాక్టర్లే, ఎవరి మాట వినాలి అని.

నేను డాక్టర్ని కాను. ఈ మందులు ఇస్తూ, ఇంజెక్షన్ పెన్ను ఎలా వాడాలో ఇంట్లోవాళ్ళకు నేర్పే పనిలో ఉన్నాను. మీరిచ్చిన వివరాలను బట్టి నా మాట: ముందు టెరిపారటైడ్, అది అయిపోయిన వెంటనే జోలెడ్రోనిక్ గానీ డెనోసుమాబ్ గానీ. ముగ్గురు చెప్పినవీ సరైన మందులే. తేడా వచ్చేది వరసలో. "ఏది బలమైనది" అని కాకుండా "దీని తర్వాత ఏం ఇస్తారు" అని ముగ్గురినీ అడిగితే మీకు సగం జవాబు దొరుకుతుంది.

ఎముకలో తినే కణాలు, కట్టే కణాలు రెండూ పక్కపక్కనే పనిచేస్తుంటాయి. అలెండ్రోనేట్, జోలెడ్రోనిక్, డెనోసుమాబ్ మూడూ తినే కణాలను ఆపేవే. టెరిపారటైడ్ మాత్రం కట్టే కణాలను లేపుతుంది. తినడాన్ని ఆపే మందు మీద ఉండగానే వెన్నుపూస విరిగిందంటే ఇప్పుడు కట్టడం అవసరం. 2018లో వెలువడిన వీరో అనే అధ్యయనం సరిగ్గా ఇలాంటి ఆడవాళ్ళ మీదే చేశారు. మెనోపాజ్ దాటి, వెన్నుపూసలు విరిగి, చాలామంది అప్పటికే అలెండ్రోనేట్ లాంటివి వాడినవాళ్ళు. రెండేళ్ళలో కొత్తగా వెన్నుపూస విరిగినవాళ్ళు అలెండ్రోనేట్ రకానికే చెందిన రిసెడ్రోనేట్ మాత్రల మీద 12 శాతం, టెరిపారటైడ్ మీద 5.4 శాతం.

అయితే ఇంజెక్షన్ మొదలుపెట్టే ముందు తేల్చుకోవాల్సినవి ఉన్నాయి. వీటిని దాటేసి నేరుగా మందు మార్చడమే ఎక్కువసార్లు జరిగే తప్పు.

మొదటిది, ఆ ఐదేళ్ళ మాత్ర ఒంట్లోకి చేరిందా? అలెండ్రోనేట్ మామూలుగానే ఒక శాతం కూడా ఒంటికి పట్టదు. కాఫీతో వేసుకుంటే ఆ కాస్తలో కూడా 60 శాతం పోతుంది. టిఫినుతోనో కాల్షియం మాత్రతోనో వేసుకుంటే దాదాపు ఏమీ మిగలదు. నిద్ర లేవగానే, పరగడుపున, ఒక పెద్ద గ్లాసు మంచినీళ్ళతో మింగి, అరగంట నడుం వాల్చకుండా కూర్చోవాలి లేదా తిరుగుతుండాలి. ఆ అరగంటా కాఫీ, పాలు, వేరే మాత్రలు ఏవీ వద్దు. నీళ్ళు కూడా చూసుకోవాలి. మందు చీటీ మీద "మినరల్ వాటర్ వద్దు" అని ఉంటే మనవాళ్ళు డబ్బా నీళ్ళు మానేసి బోరు నీళ్ళు తాగుతారు. అక్కడ చెప్పింది ఖనిజాలు ఎక్కువున్న నీళ్ళ గురించి. మన దగ్గర మినరల్ వాటర్ అనేది ఆర్‌ఓ నీళ్ళు, అవే మంచివి. గట్టి బోరు నీళ్ళలోని కాల్షియమే మాత్రను పట్టేస్తుంది. థైరాయిడ్ మాత్ర కూడా పొద్దున్నే వేసుకునే అలవాటుంటే ఆ రోజు అలెండ్రోనేట్ ముందు, అరగంట ఆగి థైరాయిడ్, మరో అరగంట ఆగి కాఫీ.

అమ్మగారిని నిలదీసినట్టు కాకుండా "ఆదివారం పొద్దున ఏమేం చేస్తావమ్మా" అని వరసగా చెప్పించండి. ఎముక ఎంత వేగంగా కరుగుతోందో చెప్పే సీటీఎక్స్ అనే రక్తపరీక్ష కూడా ఉంది. పొద్దున్నే పరగడుపున ఇవ్వాలి. జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వాడుతుంటే రెండు మూడు రోజుల ముందు ఆపాలి, లేకపోతే అంకె తప్పుగా వస్తుంది. సీటీఎక్స్ బాగా తక్కువ ఉంటే మందు పనిచేస్తూనే ఉందని, అయినా ఎముక విరిగిందని అర్థం. ఎక్కువుంటే మాత్ర ఒంటికి పట్టలేదేమోనని అనుమానించాలి. అప్పుడు కడుపుతో సంబంధం లేని జోలెడ్రోనిక్ అన్న డాక్టరు మాటకు బలం వస్తుంది.

రెండోది, ఎముకను లోపలినుంచి తినేస్తున్న ఇంకో జబ్బు ఉందా? కాల్షియం, ఆల్బుమిన్, ఫాస్ఫరస్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, పీటీహెచ్ (పారాథైరాయిడ్ హార్మోను), టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), సీబీసీ, ఈఎస్ఆర్, దాంతోపాటు సీరం ప్రోటీన్ ఎలక్ట్రోఫోరెసిస్. ఈ చివరిది మైలోమా అనే రక్తక్యాన్సర్ కోసం. నడుంనొప్పికి తోడు రక్తం తక్కువగా ఉండి ఈఎస్ఆర్ ఎక్కువుంటే ఇది చేయించకుండా ముందుకు వెళ్ళొద్దు. ఇంకో ముఖ్యమైన ప్రశ్న: కీళ్ళనొప్పులకు ఆర్‌ఎంపీ దగ్గరో, నాటువైద్యుడి దగ్గరో పొట్లం మాత్రలు తెచ్చుకుంటున్నారా? వాటిలో చాలాసార్లు ప్రెడ్నిసోలోన్, డెక్సామెథసోన్ లాంటి స్టెరాయిడ్లు ఉంటాయి. అవి నడుస్తున్నంత కాలం ఏ ఖరీదైన ఇంజెక్షనూ పూర్తిగా నిలబడదు. దొరికితే ఒక్కసారిగా ఆపెయ్యకండి, డాక్టరుకు చూపించి మెల్లగా తగ్గించాలి. గ్యాస్‌కని ఏళ్ళ తరబడి వేసుకునే పాంటాప్రజోల్ గురించి కూడా డాక్టర్ని ఒకసారి అడగండి.

మూడోది విటమిన్ డి. 14 అంటే బాగా తక్కువ. ఇది సరిచేయకుండా జోలెడ్రోనిక్ ఎక్కించినా, డెనోసుమాబ్ ఇచ్చినా రక్తంలో కాల్షియం పడిపోవచ్చు. మూతి చుట్టూ, వేళ్ళ చివర తిమ్మిరి, పిక్కలు పట్టేయడం దాని గుర్తులు. టెరిపారటైడ్‌కు కూడా ఇబ్బందే. డి తక్కువున్నప్పుడు ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ పెరిగి ఉండొచ్చు, కారణం తేలకుండా అది పెరిగి ఉంటే టెరిపారటైడ్ మొదలుపెట్టరు. మామూలుగా రాసేది వారానికి 60,000 యూనిట్ల సాషే 8 వారాలు, పాలతోనో కాస్త నూనె నెయ్యి తగిలిన భోజనంతోనో. ఆ తర్వాత నెలకొకటి. తొందరగా పెరుగుతుందని 6 లక్షల ఇంజెక్షన్ వేయించకండి. ఏడాదికి ఒకేసారి 5 లక్షల యూనిట్లు ఇచ్చి చూసిన 2010 నాటి అధ్యయనంలో పడిపోవడాలు, ఎముకలు విరగడాలు పెరిగాయి, తగ్గలేదు. కాల్షియం తిండితో కలిపి రోజుకు 1,000 నుంచి 1,200 మి.గ్రా. చాలు. కార్బొనేట్ రకమైతే భోజనంతో, గ్యాస్ మాత్ర తప్పనివాళ్ళకు సిట్రేట్ రకం.

ఇక కిడ్నీ. క్రియాటినిన్ 1.1 పక్కన ల్యాబ్‌వాళ్ళు నార్మల్ అనే రాసి ఉంటారు. అమ్మగారి వయసుకు, బరువుకు అది నార్మల్ కాదు. లెక్క ఇలా: 140 లోంచి వయసు తీసేస్తే 73. దాన్ని బరువు 48తో గుణిస్తే 3,504. 72ను క్రియాటినిన్ 1.1తో గుణిస్తే 79.2. మొదటిదాన్ని రెండోదానితో భాగించి, ఆడవాళ్ళు కాబట్టి 0.85తో గుణిస్తే 37.6 వస్తుంది. కిడ్నీ నిమిషానికి ఎన్ని మి.లీ. వడపోస్తోందో చెప్పే అంచనా ఇది. జోలెడ్రోనిక్‌కు హద్దు 35. అంటే అంచు మీద ఉన్నారు. క్రియాటినిన్ 1.2 అయితే 34.5కు పడిపోతుంది. ఎండాకాలంలో నీళ్ళు తక్కువ తాగినా, నడుంనొప్పికి డైక్లోఫెనాక్ నాలుగు రోజులు వేసుకున్నా ఆ మాత్రం పెరగడం పెద్ద విషయం కాదు. ఇన్నాళ్ళూ వాడిన అలెండ్రోనేట్‌కు కూడా ఇదే హద్దు. ఈ లెక్క మూడో డాక్టరు వేసి ఉండొచ్చు, మీరు కూడా కాగితం మీద రాసుకుని వెళ్ళండి.

ఎప్పటికైనా జోలెడ్రోనిక్ ఎక్కించాల్సి వస్తే సీసా మీద 5 మి.గ్రా., 100 మి.లీ. అని ఉండాలి. 4 మి.గ్రా. అనేది క్యాన్సర్ రోగులకు వచ్చే సరుకు. 15 నిమిషాల కంటే తక్కువలో ఎక్కించకూడదు, అరగంట పెట్టమని అడిగితే కాదనరు. ముందు రెండు గ్లాసుల నీళ్ళు తాగించండి. మొదటిసారి తర్వాత మూడు రోజుల్లోపు జ్వరం, ఒళ్ళునొప్పులు రావచ్చు. పారాసెటమాల్‌తో పోతాయి.

డెనోసుమాబ్ గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే ఈ మూడింటిలో తెలియక దెబ్బతినేది దీనితోనే. మందు మంచిది. 60 మి.గ్రా. చర్మం కింద ఆరు నెలలకోసారి, కిడ్నీ తగ్గినవాళ్ళకూ ఇవ్వొచ్చు (కిడ్నీ బాగా దెబ్బతిన్నవాళ్ళకు, ముఖ్యంగా డయాలిసిస్ మీద ఉన్నవాళ్ళకు మాత్రం కాల్షియం ప్రమాదకరంగా పడిపోవచ్చు). కానీ అలెండ్రోనేట్, జోలెడ్రోనిక్ ఎముకలో అతుక్కుని ఏళ్ళపాటు ఉంటాయి, ఇది ఉండదు. ఆరు నెలలు దాటితే పని అయిపోతుంది. అంతవరకు ఆగి ఉన్న తినే కణాలన్నీ ఒక్కసారి లేస్తాయి. ఏడాది రెండేళ్ళలో పెరిగిన సాంద్రత అంతా పోయి, ఒకేసారి రెండు మూడు వెన్నుపూసలు విరిగినవాళ్ళు ఉన్నారు. అప్పటికే ఒక పూస విరిగిన మీ అమ్మగారి లాంటివాళ్ళకు ఆ ముప్పు మరీ ఎక్కువ. జనవరి 10న వేస్తే తర్వాతది జులై 10. ఆగస్టు 10 దాటకూడదు. "ఇప్పుడు బాగానే ఉంది కదా, వచ్చే నెల చూద్దాం" అనేది ఈ మందు దగ్గర పనికిరాదు. ఆపాలంటే చివరి డోసు తర్వాత ఆరో నెలలో జోలెడ్రోనిక్ లాంటిది ఇచ్చి, సీటీఎక్స్ చూస్తూ అవసరమైతే మళ్ళీ ఇవ్వాలి. అమ్మగారికి కిడ్నీ అంచు మీద ఉంది కాబట్టి ఆ బయటపడే దారి కూడా ఇరుకే. పైగా డెనోసుమాబ్ నుంచి టెరిపారటైడ్‌కు మారితే ఏడాదిపాటు తుంటి సాంద్రత తగ్గుతుంది. టెరిపారటైడ్ నుంచి డెనోసుమాబ్‌కు మారితే పెరుగుతూ పోతుంది. వరస ముఖ్యమని మొదట్లో చెప్పింది ఇందుకే.

టెరిపారటైడ్ ఎవరికి వద్దో కూడా చూసుకోండి. ఎముకలు తగిలేలా రేడియేషన్ తీసుకున్నవాళ్ళు, ఎముకకు పాకిన క్యాన్సర్, పేజెట్ జబ్బు (ఎముకలు అడ్డదిడ్డంగా పెరిగే జబ్బు), రక్తంలో కాల్షియం లేదా పీటీహెచ్ ఎక్కువున్నవాళ్ళు. ఈమధ్య కిడ్నీలో రాళ్ళు వచ్చి ఉంటే డాక్టరుకు తప్పకుండా చెప్పాలి. ఎలుకల్లో కనపడిన ఎముక క్యాన్సర్ భయంతో మందు మీద పెట్టిన పెద్ద హెచ్చరికను అమెరికా ఎఫ్‌డీఏ 2020లో తీసేసింది, ఆ విషయం ఇంటర్నెట్‌లో చదివి ఆగిపోకండి.

వాడకం: రోజుకు 20 మైక్రోగ్రాములు, తొడలో గానీ పొట్ట మీద గానీ. ఒక పెన్ను 28 రోజులు. రెండేళ్ళకు 26 పెన్నులు. కంపెనీకీ కంపెనీకీ ధరలో చాలా తేడా ఉంది కాబట్టి 26తో గుణించి ముందే చూసుకోండి, నాలుగు నెలలు వాడి డబ్బులు చాలక ఆపడం కంటే చవకైన కంపెనీది పూర్తిగా వాడడం మేలు. పెన్ను ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఫ్రీజర్‌కు ఆనించి పెడితే గడ్డకడుతుంది, గడ్డకట్టింది కరిగినా వాడకూడదు. షాపునుంచి తెచ్చేటప్పుడు ఐస్‌ప్యాక్ ఉన్న డబ్బాలోనే తీసుకోండి, పెన్ను నేరుగా ఐస్‌కు తగలకుండా గుడ్డ చుట్టించండి. మే నెల మధ్యాహ్నం బండి డిక్కీలో పెట్టి తెచ్చిన పెన్ను మీద నమ్మకం పెట్టుకోలేం. ప్రతిసారీ కొత్త సూది. పొడిచాక సూది తీసేసి మూత పెట్టాలి. సూది వదిలేస్తే మందు కారిపోయి గాలి బుడగలు చేరతాయి, డోసు తగ్గిపోతుంది. 28 రోజులయ్యాక లోపల మందు మిగిలినా పారేయాలి. పెన్ను మీద మొదలుపెట్టిన తేదీ మార్కరుతో రాయండి.

మొదటి వారం పొడిచాక లేస్తే కళ్ళు తిరగొచ్చు. మంచం మీద కూర్చోబెట్టి ఇవ్వండి, రాత్రి పడుకోబోయే ముందైతే ఇంకా మంచిది. అసలు పడిపోకుండా కాపాడాలనే కదా ఈ తిప్పలన్నీ. పిక్కలు పట్టడం, వికారం కొందరికి ఉంటాయి, చాలామందికి తగ్గిపోతాయి. నెల తర్వాత కాల్షియం పరీక్ష చేయిస్తే ఇంజెక్షన్‌కు, రక్తం ఇవ్వడానికి మధ్య కనీసం 16 గంటలు ఉండాలి, లేకపోతే కాల్షియం ఎక్కువ కనపడి అనవసరంగా మందు ఆపేస్తారు.

పళ్ళు పీకించాల్సినవి ఉంటే ఈ రెండేళ్ళే మంచి సమయం. తినే కణాలను ఆపే మందులతో దవడ ఎముక పుండు పడడం అరుదే కానీ పళ్ళు పీకించుకున్నవాళ్ళలోనే ఎక్కువ. టెరిపారటైడ్‌కు ఆ చిక్కు లేదు. ఇంకొకటి, ఐదేళ్ళు అలెండ్రోనేట్ వాడారు కాబట్టి (ఎక్కువ కాలం వాడినవాళ్ళలో అరుదుగా తొడ ఎముక చిట్లుతుంది) తొడలో గానీ గజ్జల్లో గానీ కొత్తగా మొద్దు నొప్పి ఉందేమో అడగండి. ఉంటే రెండు తొడ ఎముకలకూ పూర్తి పొడవు ఎక్స్‌రే తీయించాలి. వాతం అని తైలం రాసి ఊరుకోకూడదు.

ఏడాదికి మళ్ళీ డెక్సా తీయించినప్పుడు అదే సెంటరులో, అదే మెషిన్ మీద తీయించండి. అలెండ్రోనేట్ తర్వాత టెరిపారటైడ్‌కు మారినవాళ్ళలో మొదటి ఏడాది తుంటి అంకె కొంచెం తగ్గినట్టు కనపడొచ్చు, నడుము పెరుగుతుంది. అది చూసి మందు పనిచేయలేదని మానేయకండి. మీది పల్నాడు వైపు ఫ్లోరైడ్ నీళ్ళ ఊరైతే ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి. ఫ్లోరైడ్ పట్టిన ఎముక స్కాన్‌లో గట్టిగా కనిపిస్తుంది, గట్టిగా ఉండదు.

చివరి పెన్ను తర్వాత ఖాళీ వదిలితే కట్టిన ఎముక ఏడాదిలోనే కరగడం మొదలవుతుంది. అందుకే 24వ పెన్ను తెరిచిన రోజే క్రియాటినిన్, విటమిన్ డి చేయించి, తర్వాతి మందుకు డాక్టరు దగ్గర తేదీ తీసుకోండి. అప్పటికి పై కిడ్నీ లెక్క 35కు పైన నిలకడగా ఉంటే జోలెడ్రోనిక్. లేకపోతే డెనోసుమాబ్, అప్పుడు ఆరు నెలల తేదీలు ఇంట్లో ఇద్దరి ఫోన్లలో ఉండాలి.