లోడుతో ఉన్నప్పుడే టిప్పర్ రిమోట్ ఆగిపోతుంటే

రిమోట్ మంచిదే అయి ఉంటుంది. రిమోట్‌తో లేపితే ఖాళీ తొట్టి బాగానే లేస్తోంది, లోడుంటే సగంలో ఆగి కాసేపటికి మళ్లీ పలుకుతోంది అని ఒకరు అడిగారు. రిమోట్‌కి బరువు తెలియదు, తొట్టిని లేపే పంపు మోటారుకి తెలుస్తుంది. అది కరెంటు గట్టిగా లాగగానే రిసీవర్‌కి (రిమోట్ సిగ్నల్ అందుకునే, బండిలోని పెట్టె) వోల్టేజ్ పడిపోతోంది. ఎక్కువసార్లు కారణం ఎర్తే, అంటే కరెంటు బ్యాటరీ మైనస్‌కి తిరిగి వెళ్లే దారి.

రిమోట్‌లో సెల్ ఇప్పటికే మార్చేశారట, కాబట్టి దాన్ని వదిలేయండి.

1. మీటర్ వైర్లు పొడుగ్గా లాగి, తొట్టికి దూరంగా నిలబడండి. లేచిన తొట్టి కిందికి సేఫ్టీ ప్రాప్ (తొట్టి పడకుండా ఆపే ఊతకర్ర) పెట్టకుండా దూరొద్దు.

2. రిసీవర్ ప్లస్, మైనస్‌ల దగ్గర వోల్టేజ్ చూడండి. అందరూ తప్పేది ఇక్కడే: పంపు ఆగి ఉండగా కొలుస్తారు, 12 వోల్టుల బ్యాటరీ అయితే 12.6 కనిపిస్తుంది, 'కరెంటు బాగానే ఉంది' అని కొత్త రిసీవర్ కొంటారు. నేనూ ఒకసారి కొన్నాను. లోడు ఎత్తుతున్నప్పుడే కొలవాలి.

3. అప్పుడే మీటర్ ఒక కొన బ్యాటరీ మైనస్‌కి, రెండోది రిసీవర్ ఎర్త్‌కి పెట్టండి. అర వోల్టు దాటిందంటే ఎర్త్ పాడైనట్టే. ఎర్త్ వైరుని ఛాసిస్‌కి (బండి ఇనుప చట్రానికి) బిగించిన బోల్టు విప్పితే కింద పెయింటో, ఆకుపచ్చ చిలుమో కనిపిస్తుంది. ఇనుము మెరిసేదాకా గీకి బిగించండి. వీలైతే రిసీవర్ ఎర్త్‌ని నేరుగా బ్యాటరీ మైనస్‌కి లాగండి.

4. ఎర్త్ బాగుండి వోల్టేజ్ పడుతుంటే ఫ్యూజ్ హోల్డర్, బ్యాటరీ టెర్మినళ్లు చూడండి.

వోల్టేజ్ అసలు కదలకపోతే రిసీవర్ యాంటెన్నా ఇనుప పెట్టె లోపల ఉందేమో చూసి, బయటికి తీయండి.